సంక్రాంతికి ఊరెళ్తున్నారా? తాళం వేసే ముందు ఇవి చూసుకోండి

భోగికి రెండు మూడు రోజుల ముందు నుంచే విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దగ్గర కార్లు బారులు తీరతాయి, హైదరాబాద్‌లో కాలనీలకు కాలనీలు ఖాళీ అవుతాయి. ఆ సంగతి మనకెంత తెలుసో దొంగలకూ అంతే తెలుసు. పగలు వీధిలో ఒక రౌండ్ వేసి, తాళం వేసిన ఇల్లు గుర్తు పెట్టుకుని, రాత్రికి వస్తారు. అందుకే తాళం ఎంత గట్టిదన్నది తర్వాత సంగతి, ఇంట్లో ఎవరూ లేరని రోడ్డు మీద వెళ్లేవాడికి తెలియకుండా చూసుకోవడం ముందు.

ఇది ధనుర్మాసం. వీధిలో ప్రతి ఇంటి ముందూ ముగ్గు ఉంటుంది, మీ వాకిలి ఒక్కటే రెండు రోజులుగా ఊడవకుండా ఉంటే ఇంక వేరే చెప్పాలా? పక్కింటి ఆంటీనో, పనమ్మాయినో బతిమాలుకుని రోజూ వాకిలి ఊడ్చి చిన్న ముగ్గైనా పెట్టించండి. పాల ప్యాకెట్లు, పేపరు ఆపేయమని ముందే చెప్పాలి. గుమ్మం దగ్గర రెండు జతల పాత చెప్పులు వదిలేయండి. లైటు వేసి వెళ్లిపోతే చాలనుకుంటారు చాలామంది, కానీ మిట్టమధ్యాహ్నం కూడా వెలుగుతున్న వరండా లైటు ఇల్లు ఖాళీ అని చాటింపు వేసినట్టే. చీకటి పడితే వెలిగి తెల్లారితే ఆరిపోయే సెన్సర్ బల్బులు దొరుకుతున్నాయి, ఒకటి తెచ్చి పెట్టండి.

ఇక తాళం. తాళంకప్ప ఎంత ఖరీదైనదైనా దాని బరువంతా గొళ్ళెం మీదే, ఆ గొళ్ళేన్ని తలుపుకు పట్టి ఉంచేది నాలుగు చిన్న స్క్రూలు. ఇనుప రాడ్ దూర్చి గట్టిగా ఎత్తితే స్క్రూలతో సహా ఊడి వస్తుంది, తాళం మాత్రం చెక్కుచెదరకుండా వేలాడుతూ ఉంటుంది! కార్పెంటర్‌ని పిలిచి ఆ స్క్రూల బదులు తలుపు అవతలికి వచ్చే బోల్టులు వేసి లోపలి వైపు నట్లు బిగించమనండి, గంట పని. తలుపులోనే అమరి ఉండే లాక్ ఉంటే ఇంకా మంచిది, బయటికి కప్ప కనిపించదు. గేటు తాళం కూడా చెయ్యి లోపలికి పెట్టి లోపలి వైపు పడేలా వేయండి. వెనక తలుపు, మేడ మీది తలుపు, బాత్రూమ్ వెంటిలేటర్ మర్చిపోవద్దు, ఆ గాజు పలకలు ఒక్కొక్కటే లాగేసి లోపలికి దిగుతారు.

బంగారం మాత్రం బీరువాలో వదిలి వెళ్లొద్దు, దయచేసి. బీరువా తాళాలు చీరల మడతల్లోనో బియ్యం డబ్బాలోనో పెడితే ఎవరికీ దొరకవని అనుకుంటాం, వాళ్లు వెతికేదే అక్కడ. పండగ సెలవులు మొదలైతే లాకర్ తెరిచే వీలుండదు కాబట్టి వారం ముందే వెళ్లి పెట్టేయండి. ఒక విషయం, 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం లాకర్‌లో దొంగతనం జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్ల వరకే. అంటే అద్దె 3,000 అయితే 3 లక్షలు. అయినా సరే, బీరువా కంటే లాకరే నయం.

కెమెరా ఉన్నవాళ్లు బయల్దేరేటప్పుడు అలవాటుగా మెయిన్ ఆపేస్తుంటారు, దాంతో కెమెరా, వైఫై రెండూ పోతాయి. మెయిన్ ఆపకండి, అక్కర్లేనివి మాత్రం విడిగా ఆపుకోండి. రికార్డింగ్ బాక్సు టీవీ పక్కనే ఉంటే పోతూ పోతూ దాన్నీ పట్టుకుపోతారు, అందుకే ఫుటేజీ ఫోన్‌కి వచ్చేలా పెట్టుకోండి. అపార్ట్‌మెంట్ వాళ్లకి వాచ్‌మన్ ఉన్నాడని ధీమా, కానీ పండగ అతనికీ ఉంటుంది కదా, ఆ నాలుగు రోజులు డ్యూటీలో ఎవరుంటారో అడిగి తెలుసుకోండి. గంగిరెద్దులతో, గొబ్బెమ్మలతో ఫొటోలు తిరిగొచ్చాకే స్టేటస్ పెట్టుకుందాం.

వెళ్లే ముందు మీ పోలీస్ స్టేషన్లో చెప్పండి, రాత్రి గస్తీలో మీ వీధిని చూసుకుంటారు. ఆంధ్రాలో అయితే తాళం వేసిన ఇళ్ల మీద నిఘాకి పోలీసులు తెచ్చిన ఎల్‌హెచ్ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) యాప్ సంగతి స్టేషన్లో అడగండి, అందులో నమోదు చేసుకున్నవాళ్ల ఇంట్లో పోలీసులే కెమెరా పెడతారు, లోపల ఎవరైనా కదిలితే వాళ్లకి తెలుస్తుంది.

తిరిగొచ్చేసరికి తాళం పగిలి ఉంటే లోపలికి వెళ్లకండి, ఎంత టెన్షన్‌గా ఉన్నా సరే. దొంగ ఇంకా లోపలే ఉండొచ్చు, పైగా మనం బీరువా తలుపు పట్టుకున్నామంటే వేలిముద్రలు చెడిపోతాయి. గేటు బయటే ఉండి 100కో 112కో ఫోన్ చేయండి. ఇంట్లో దొంగతనానికి ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 305 వర్తిస్తుంది, ఏడేళ్ల వరకు శిక్ష ఉంది, కాబట్టి ఎఫ్‌ఐఆర్ కాపీ అడిగి తీసుకోండి. దొరికిన సొమ్ము కోర్టు ద్వారానే చేతికి వస్తుంది. ఆ నగ మీదేనని చూపించడానికి బిల్లు కావాలి, అది లేకపోతే కనీసం ఆ నగ పెట్టుకుని దిగిన పెళ్లి ఫొటో అయినా ఉపయోగపడుతుంది. బిల్లులు, ఫొటోలు అన్నీ బయల్దేరే ముందే ఫోన్‌లోకి తీసి, ఇంట్లో ఇంకొకరికి కూడా పంపి ఉంచండి.