ఇద్దరి సైకిళ్లకూ ఒకే ట్యూబు పట్టాలి
హనుమకొండ నుంచి ములుగు మీదుగా రామప్పకు ఇద్దరు సైకిళ్ల మీద పోతుంటే, ముందే రెండింటి చక్రాల సైజు, వాల్వు రకం ఒకటేనా చూసుకోండి. ఒకటైతే ఇద్దరికీ కలిపి మూడు ట్యూబులు, ఒక పంపు చాలు. సన్నటి ప్రెస్టా వాల్వుంటే చిన్న ఇత్తడి అడాప్టరు తప్పనిసరి; దారిలో పంక్చర్ షాపుల కంప్రెషరు బైకు వాల్వుకే పడుతుంది. గాలి ఆపి ఆపి పట్టించండి, సన్న ట్యూబు క్షణాల్లో పగులుతుంది.

పంక్చరైతే కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపల బట్టతో తుడవండి. తుమ్మముల్లు మొన అందులోనే ఉంటే కొత్తదీ పోతుంది, ఎక్కువగా జరిగేది ఇదే.

రాత్రి బసకు చేరగానే గాలి నింపి, పొద్దున నొక్కి చూడండి. మెత్తబడితే బకెట్ నీళ్లలో ట్యూబు ముంచి, ఎండెక్కకముందే ప్యాచ్ వేసుకోవచ్చు.