నాన్నగారి వీలునామా రెండుసార్లు రాశాం

నిరుడు నాన్నగారు తన వీలునామా తనే రాసుకున్నారు, అదీ వంద రూపాయల స్టాంపు పేపరు మీద. నిజానికి తెల్లకాగితం చాలు, కానీ స్టాంపు ఉంటే ఆయనకు అదో ధైర్యం. సంతకం పెట్టి, "సాక్షుల చేత పెట్టించుకు రారా" అని నా చేతికిచ్చారు. నేను బండేసుకుని ఇద్దరిళ్లకూ తిరిగి పెట్టించాను. అందులో ఒకరు మా బావగారు.

తర్వాత 1925 నాటి భారత వారసత్వ చట్టం, 63వ సెక్షన్ చదివి టెన్షన్ పట్టుకుంది. నాన్నగారు సంతకం పెడుతుంటే సాక్షులు చూడాలి, లేదా "ఇది నా సంతకమే" అని ఆయన వాళ్లతో చెప్పాలి. వాళ్ల సంతకాలూ ఆయన ఎదుటే పడాలి. మా దాంట్లో ఇవేవీ జరగలేదు.

మళ్లీ రాశాం. "నా ఇల్లు" అని వదిలేయకుండా దస్తావేజు నంబరు, నాలుగు హద్దులు వేశాం. ఉమ్మడి పొలం మొత్తం తమ్ముడికని రాసిన వాక్యం కొట్టేశాం, ఆయన రాయగలిగేది తన వాటా వరకే. పాత వీలునామా రద్దని ఒక ముక్క, కింద తేదీ. బావగారికి బదులు ఆస్తితో సంబంధం లేని ఇద్దరిని, నాన్నగారి కంటే చిన్నవాళ్లని పిలిచాం. రేపు కోర్టుకెళ్తే సాక్షి బతికుండాలి కదా!

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు డ్యూటీ లేదు. అయినా చేయించాం. కాగితం బీరువాలో ఉంది, తాళం అమ్మ దగ్గర.