హనుమకొండలో ఉండి మానవ శాస్త్రం చదువు ఎలా మొదలుపెట్టాలి?

పీజీలో మానవ శాస్త్రం (ఆంత్రోపాలజీ) చదువుతానంటే ఇంట్లో ముందు అడిగేది ఉద్యోగం గురించే. సివిల్స్ మెయిన్స్‌లో ఇది ఆప్షనల్ సబ్జెక్టు, రెండు పేపర్లకు కలిపి 500 మార్కులు అని చెప్పండి. సగం గొడవ అక్కడే తీరుతుంది.

1. సీటు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ ఉంది, దానికి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ కూడా చూసుకోండి.

2. సిలబస్. సంస్కృతి, ఆచారాలతో పాటు జన్యుశాస్త్రం, మానవ పరిణామం, పురావస్తు విషయాలూ ఉంటాయి. ఆర్ట్స్ వాళ్లు జంకేది ఇక్కడే. ఇంటర్ జువాలజీ పుస్తకం ఒకటి తెచ్చుకుని చదవండి.

3. వంశవృక్షం. దీన్ని సీటు వచ్చేదాకా ఆపొద్దు. అమ్మమ్మను కూర్చోబెట్టి అడుగుతూ గీయండి. మగవాళ్లకు త్రిభుజం, ఆడవాళ్లకు సున్నా, పెళ్లికి సమానం గుర్తు, తోబుట్టువులను కలుపుతూ పైన అడ్డగీత, చనిపోయినవాళ్ల మీద ఏటవాలు గీత. మేనరికం రాగానే బొమ్మ చిక్కుపడుతుంది. అక్క కూతుర్ని చేసుకున్న మేనమామ ఆ అక్కకు తమ్ముడే, అల్లుడూ అతనే. అతన్ని రెండుసార్లు గీయకండి, గీతనే వంచి కలపండి. పెళ్లిలో ఎవరు ఏం పెట్టారో, ఏ భూమి ఎవరికి పోయిందో కూడా అడగండి. అమ్మమ్మ గొంతు తగ్గించి చెప్పే విషయాలు చాలావరకు అక్కడే ఉంటాయి.

4. ఫీల్డ్‌వర్క్. మేడారం పెద్ద జాతర రెండేళ్లకోసారి, మాఘంలో. గద్దెల దగ్గర తోపులాటలో ఏమీ తెలియదు. ఎత్తు బెల్లం తూచే కాంటా దగ్గర పూటంతా నిలబడండి: తూగింది ఎవరు, ఏం మొక్కుకున్నారు, వెంట ఎవరొచ్చారు? చూసింది ఒక పేజీలో, వాళ్లు చెప్పింది ఇంకో పేజీలో, మీకు తోచింది వేరుగా రాయండి. అదే రాత్రి రాయాలి, తెల్లారితే మూడూ కలిసిపోతాయి. అడగకుండా ఫొటో తీయొద్దు.

5. చదువు. ఆదిలాబాద్ రాజ్ గోండుల మీద ఆస్ట్రియాకు చెందిన మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1940లలో చేసిన పరిశోధన తప్పక చదవాలి. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన తర్వాతి కాలం అది. హైమెండార్ఫ్ తర్వాత నిజాం సర్కారుకు సలహాదారుగా పనిచేశారు. ఆ సంగతి మనసులో ఉంచుకునే చదవండి.

మేడారం పెద్ద జాతర లేని ఏడు పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్లండి. గోండుల్లోని మెస్రం వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ అక్కడే జరుగుతుంది. వంశవృక్షం గీసిన నోట్సు వెంట ఉంచుకోండి.