తొలిసారి స్కూబా చేస్తున్నారా? ముందు చెవుల సంగతి చూసుకోండి

అండమాన్ టూర్‌లో స్కూబాను (వీపున గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ల అడుగున తిరగడం) చాలామంది చివరి రోజుకి అట్టిపెట్టుకుంటారు. దాన్ని ముందుకు జరపండి. నీటి అడుగున పీడనం ఎక్కువ కాబట్టి మనం పీల్చే గాలిలోని నైట్రోజన్ కొంత రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. ఆ వెంటనే విమానం ఎక్కితే క్యాబిన్‌లో పీడనం తగ్గి, గోలీసోడా గోలీ నొక్కగానే పొంగినట్టు ఒంట్లో బుడగలు కట్టే ప్రమాదం ఉంది. ఒక్క డైవ్ (ఒకసారి నీళ్ల అడుగుకి వెళ్లి రావడం) చేస్తే కనీసం 12 గంటలు, అంతకన్నా ఎక్కువ చేస్తే 18 గంటలు ఆగాకే విమానం. 24 గంటలు ఆగమని డైవ్ షాపువాళ్లు చెబితే వినడమే మంచిది. అక్కడి హేవ్‌లాక్ దీవి (2018 నుంచి స్వరాజ్ ద్వీప్) చేరిన మర్నాటి ఉదయానికే బుక్ చేసుకుంటే, గాలి వల్లో పడిశం వల్లో ఆగిపోయినా ఇంకో రోజు చేతిలో ఉంటుంది.

మీరు చేసేది ‘ట్రై డైవ్’, అంటే కోర్సు చేయనివాళ్లు ఇన్‌స్ట్రక్టర్ తోడుగా దిగి రుచి చూసే డైవ్. దీనికి ఈత రానక్కర్లేదు. వయసు కనీసం 10 ఏళ్లు ఉండాలి. లోతు 12 మీటర్లు దాటకూడదు. మొదటిసారికి అయిదారు మీటర్లే చాలు, రంగులూ చేపలూ అక్కడే ఎక్కువ. హేవ్‌లాక్‌లో నీమో రీఫ్ అనే పగడాల దిబ్బ దగ్గర ఒడ్డునుంచే నడిచి దిగుతారు. కొత్తవాళ్లకి పడవ మీంచి దూకడం కన్నా ఇదే నయం: కాళ్ల కింద నేల ఉంటుంది, వాంతుల బెడద ఉండదు. విశాఖ రుషికొండలోనూ స్కూబా ఉంది గానీ, నీళ్లు ఇంత తేటగా ఉండవు.

డబ్బు కట్టేముందు మూడు సంగతులు అడగండి. మనిషికో ఇన్‌స్ట్రక్టర్ ఉంటారా? నీళ్లలో ఉండేది ఎన్ని నిమిషాలు? దిగేముందు నడుంలోతు నీళ్లలో ప్రాక్టీసు చేయిస్తారా? ఫారాలు, సూటు, ప్రాక్టీసు కలిపి రెండు మూడు గంటల పని ఇది, అందులో అడుగున గడిపేది అరగంట లోపే. ప్రాక్టీసు లేకుండా నేరుగా తీసుకెళ్తామంటే ఇంకో షాపు చూసుకోండి.

ఆరోగ్యం ఫారంలో అన్నిటికీ ‘లేదు’ అని టిక్కులు పెట్టేయకండి. ఉబ్బసం, మూర్ఛ, గుండె జబ్బు, చెవి లేదా ఊపిరితిత్తుల ఆపరేషన్ లాంటివి ఉంటే డాక్టరు సంతకం కావాలి. దీవిలో డాక్టరు కోసం తిరిగితే రోజు పోతుంది కాబట్టి ఊళ్లోనే చూపించుకుని కాగితం తెచ్చుకోండి. గర్భిణులు అసలు దిగకూడదు. పడిశం ఉన్నా ఆ రోజుకి మానేయాలి. ముక్కు తెరిపించే మాత్ర వేసుకుని దిగడం ఇంకా ప్రమాదం: అడుగున ఉండగా మందు పనితనం తగ్గితే, పైకి వచ్చేటప్పుడు చెవిలో గాలి బయటికి రాలేక ఇరుక్కుపోతుంది.

ముందురోజు రాత్రి మద్యం వద్దు. పొద్దున రెండు ఇడ్లీలు తిని, నీళ్లు బాగా తాగండి. పూరీలు, మసాలా దోసెలు తిరిగొచ్చాక. తలకి నూనె పెట్టకండి, మాస్కు పట్టీ జారుతుంది. జడ ఉన్నవాళ్లు మెడ దగ్గర కిందికి ముడేసుకోవాలి, లేకపోతే వెనక సిలిండర్ వాల్వుకి చుట్టుకుంటుంది. పెద్ద ముక్కుపుడక తీసేయండి, ముక్కు నొక్కి పట్టుకోవాల్సి వచ్చినప్పుడు గుచ్చుకుంటుంది. గొలుసులు, ఉంగరాలు గదిలోనే ఉంచండి. కళ్లజోడు మాస్కులో పట్టదు. పవర్ ఉన్న మాస్కులు దొరుకుతాయేమో ముందే అడగండి. సాఫ్ట్ కాంటాక్ట్ లెన్సులైతే పరవాలేదు.

మాస్కు మీరే చూసి తీసుకోండి. పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చండి. చేతులు వదిలినా అతుక్కుని ఉంటే అది మీ సైజు. సిలికాన్ అంచు కింద ఒక్క వెంట్రుక చిక్కినా నీళ్లు కారతాయి. గుబురు మీసం ఉన్నవాళ్లకి కాస్త కారడం ఖాయం. ముక్కు కిందున్న సన్నటి వరస గొరిగేస్తే చాలావరకు తగ్గుతుంది, మీసం మీద అంత మమకారం ఉంటే నీళ్లు తోడుకుంటూ ఉండండి. అద్దం మసకబారకుండా లోపల ఉమ్మి రుద్ది కడుగుతారు. అసహ్యమనిపిస్తే రెండు చుక్కల బేబీ షాంపూ వాడొచ్చు.

వీపున ఉండే సిలిండర్‌లో ఉన్నది ఆక్సిజన్ కాదు, మామూలు గాలే. 200 బార్ (గాలి పీడనానికి కొలత) దాకా నింపుతారు, 50 బార్ మిగిలుండగానే పైకి వచ్చేస్తారు. ఒడ్డున మోయలేనంత బరువనిపిస్తుంది, నీళ్లలోకి వెళ్లగానే తేలికవుతుంది. తేలిపోకుండా నడుముకి సీసపు బరువులు కడతారు. సిలిండర్ తగిలించి ఉండే జాకెట్‌లో గాలి నింపడం, తీయడం ఇన్‌స్ట్రక్టర్ పని, ఆ బటన్ల జోలికి మీరు వెళ్లొద్దు.

నడుంలోతు నీళ్లలో చేయించే ప్రాక్టీసు తొందరగా ముగించనివ్వకండి. మొదట ముఖం నీళ్లలో ముంచి, రెగ్యులేటర్‌తో (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) నోటితోనే ఊపిరి తీసుకోండి. మొదటి నిమిషం గుండె దడదడలాడుతుంది. మెల్లగా వదలడం మీద ధ్యాస పెట్టండి, వదలడం పూర్తయితే పీల్చడం దానంతటదే కుదురుతుంది. తర్వాత రెగ్యులేటర్ తీసి మళ్లీ పెట్టుకోవడం: బయట ఉన్నంతసేపూ సన్నగా బుడగలు వదులుతూనే ఉండాలి, నోట్లో పెట్టుకున్నాక ఒక్కసారి గట్టిగా ఊదితే లోపలి నీళ్లు పోతాయి. ఊదడానికి ఊపిరి లేకపోతే రెగ్యులేటర్ ముందున్న బటన్ నొక్కాలి. మూడోది మాస్కులో చేరిన నీళ్లు తీయడం: పై అంచుని నుదుటికి నొక్కి, కొంచెం పైకి చూస్తూ ముక్కుతో ఊదాలి. ముక్కుకి నీళ్లు తగలగానే లేచి నిలబడాలనిపిస్తుంది. ఇక్కడే రెండు మూడుసార్లు చేస్తే లోపల కంగారుండదు.

ఇక చెవులు. సరదా చెడేది ఎక్కువగా వీటి దగ్గరే, అదీ మొదటి మూడు మీటర్లలోనే. పైన ఉన్న పీడనం 10 మీటర్ల లోతుకి రెట్టింపవుతుంది, కర్ణభేరి వెనకున్న గాలి నలుగుతుంది. ఎంత లోతు వెళ్లామన్నదాని కన్నా, ఎన్ని రెట్లు పెరిగిందన్నదే చెవికి లెక్క. అందుకే పైనున్న కొద్ది మీటర్లే ఎక్కువ బాధపెడతాయి. మాస్కు మీంచే ముక్కు నొక్కి పట్టుకుని, నోరు మూసినట్టుగా ఉంచి, ముక్కులోకి మెత్తగా ఊదండి. చెవుల్లో ‘టప్’మంటే తెరుచుకున్నట్టు. దిగడం మొదలవగానే ఒకసారి, తర్వాత ప్రతి అర మీటరుకీ, నొప్పి రాకముందే చేయాలి. నొప్పి వచ్చాక ఊదితే ముక్కు వెనక నుంచి చెవికి వెళ్లే సన్నటి గొట్టం ఇంకా బిగుసుకుంటుంది, బలంగా ఊదితే కర్ణభేరి దెబ్బతింటుంది. తెరుచుకోకపోతే చెవి చూపించి అరచేయి అటూ ఇటూ ఊపండి. ఇన్‌స్ట్రక్టర్ మిమ్మల్ని ఒక మీటరు పైకి తీసుకెళ్తారు, అక్కడ మళ్లీ ప్రయత్నించండి. తల పైకి ఉంచి దిగితే సులువు. మాస్కు ముఖాన్ని పీల్చేస్తున్నట్టుంటే ముక్కుతో కాస్త గాలి వదలండి.

సైగల్లో అందరూ తప్పేది ఒకటుంది. బొటనవేలు పైకి చూపిస్తే ‘సూపర్’ అని కాదు, ‘పైకి పోదాం’ అని. కెమెరా చూసి సంబరంగా బొటనవేలు ఎత్తితే డైవ్ అక్కడితో అయిపోవచ్చు. బాగున్నానని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

అడుగున చేతులు ఆడించకండి, గాలి తొందరగా అయిపోతుంది. దేన్నీ ముట్టుకోవద్దు. పగడాలు చర్మం చీరేస్తాయి, లయన్‌ఫిష్ ముళ్లలో విషముంటుంది. చేపలు అసలుకన్నా మూడోవంతు పెద్దగా కనిపిస్తాయి, భయపడకండి. సెల్ఫీ స్టిక్కు మొదటిసారికి వద్దు, ఒక చేయి ఎప్పుడూ చెవుల కోసం ఖాళీగా ఉండాలి.

పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగపట్టకూడదు. పదిమీటర్ల దగ్గర నిండిన ఊపిరితిత్తుల్లోని గాలి పైకొచ్చేసరికి రెట్టింపవ్వాలని చూస్తుంది. రెండు మీటర్ల లోతు నుంచైనా ఊపిరి బిగబట్టి వస్తే ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు. నిమిషానికి 9 మీటర్ల లోపు వేగంతో, మామూలుగా ఊపిరి తీస్తూ రండి. కంగారుపడి సొంతంగా పైకి తన్నుకురావద్దు.

ఒడ్డుకి చేరాక మాస్కులో కాస్త రక్తపు చార కనిపించొచ్చు. సైనస్‌లో చిన్న నాళం చిట్లితే అలా వస్తుంది, సాధారణంగా తనంతట తగ్గుతుంది. మళ్లీ ఆ రోజు దిగకండి. చెవిలో నీళ్లుంటే తల వంచి కార్చేయండి, పిన్నీసులు, నూనె చుక్కలు వద్దు. చెవి నొప్పి మర్నాటికీ ఉన్నా, వినికిడి తగ్గినా డాక్టరుకి చూపించండి. కీళ్లనొప్పులు, తిమ్మిర్లు, కళ్లు తిరగడం, ఆయాసం కనిపిస్తే మాత్రం (మొదట చెప్పిన బుడగల వల్ల కావచ్చు) రాత్రయినా సరే షాపువాళ్లకి వెంటనే చెప్పండి, అలసటేలే అని పడుకోవద్దు. ఒడ్డున రాలిన పగడపు ముక్కని జ్ఞాపకంగా బ్యాగులో వేసుకోకండి. పగడాలకి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, చచ్చినదైనా తీసుకెళ్తే కేసవుతుంది.