కర్నూలులో రోడ్డు గుంత గురించి ఎవరికి, ఎట్లా చెప్పాలి

గుంత ఫొటో తీసి స్టేటస్‌లో పెడితే నలుగురు అయ్యో అంటారు, గుంత మాత్రం అట్లనే ఉంటుంది. ముందు తేల్చుకోవాల్సింది ఆ రోడ్డు ఎవరిదని. చాలా ఫిర్యాదులు "ఇది మా పరిధి కాదు" అన్న ఒక్క మాటతో మూలపడేది ఇక్కడే.

కాలనీ రోడ్లు, సందులు, మురుగు కాలువలు, వీధిలైట్లు నగరపాలక సంస్థవి. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు హైవే, నంద్యాల మీదుగా కడప వైపు పోయే 40వ నంబరు హైవే అయితే 1033కి ఫోన్ చేయండి, అది జాతీయ రహదారుల వాళ్లది. కరెంటు తీగ వేలాడుతుంటే 1912. సిగ్నల్ పనిచేయకపోయినా, అడ్డదిడ్డంగా బండ్లు పెట్టినా ట్రాఫిక్ పోలీసులకు చెప్పాలి. రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ (ఆర్ అండ్ బీ) రోడ్లతోనే చిక్కు, చూస్తే తేడా తెలియదు, అందుకే మీ వార్డు సచివాలయంలో రోడ్లు, కాలువల పనులు చూసే అమెనిటీస్ సెక్రటరీని ఒక మాట అడగండి.

నగరపాలక సంస్థ రోడ్డే అయితే ఫిర్యాదు పెట్టడానికి పురమిత్ర యాప్ ఉంది, ప్రభుత్వ మన మిత్ర వాట్సాప్ నంబరు 95523 00009 ఉంది. ఏదైనా సరే, రాసే పద్ధతి ముఖ్యం. "మా వీధి రోడ్డు బాగాలేదు, తగు చర్య తీసుకోగలరు" అని రాస్తే వచ్చే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఎక్కడ వెతుక్కోవాలి? ఇట్లా రాయండి: "ఫలానా కాలనీ, రాములవారి గుడి ఎదురు సందు, మూడో ఇంటి ముందు మ్యాన్‌హోల్ మూత పగిలింది, ఎవరో వేపకొమ్మ గుచ్చి పెట్టారు, స్కూలు ఆటోలు ఇటే పోతాయి." ఫొటోలు రెండు కావాలి, గుంత దగ్గరగా ఒకటి, పక్కనున్న అంగడి బోర్డు కనపడేలా దూరం నుంచి ఒకటి.

ఇంకోటి, అక్కడ వీధిలైటు కూడా లేకపోతే మూత సంగతి, లైటు సంగతి వేరువేరు ఫిర్యాదులుగా పెట్టండి. ఇంజినీరింగ్ సెక్షన్ వేరు, ఎలక్ట్రికల్ వేరు, అన్నీ కలిపి పెడితే లైటు వేసి మొత్తం పరిష్కారమైందని క్లోజ్ చేసేస్తారు (ఇది మహా చిరాకు).

పని కాకుండా క్లోజ్ అయితే అదే చోట, అదే కోణంలో కొత్త ఫొటో తీసి సోమవారం కలెక్టరేట్‌కి పోండి. పెద్దవాళ్లు ఇప్పటికీ గ్రీవెన్స్ అనేది దాన్నే, ఇప్పుడు పేరు పీజీఆర్ఎస్, అంటే ప్రజా సమస్యల పరిష్కార వేదిక. పాత ఫిర్యాదు నంబరు అర్జీలో పైనే రాయండి, రసీదు లేకుండా మాత్రం బయటికి రావద్దు. తర్వాత 1100కి ఫోన్ చేసి రసీదు మీది నంబరు చెప్తే ఎక్కడిదాకా వచ్చిందో చెప్తారు.

అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. "ఎందుకు వేయలేదు?" అని అడిగితే లాభం లేదు, అది వాదన కిందికి వస్తుంది. కాగితాలు అడగండి: ఈ రోడ్డు చివరిసారి ఎప్పుడు వేశారు, కాంట్రాక్టర్ ఎవరు, ఎం బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) కాపీ, డిఫెక్ట్ లయబిలిటీ (రోడ్డు చెడితే కాంట్రాక్టర్ బాధ్యత) గడువు ఎప్పటిదాకా. ఆ గడువు ఇంకా ఉంటే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగు చేయాలి, అప్పుడు నిధులు లేవనే మాట చెల్లదు.