లేబర్ శాఖలో కొత్తగా చేరినవాళ్లకు: మొదటి సర్కిల్‌లోనే నేర్చుకోవాల్సిన పని

గ్రూప్-2లో అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ (ఏఎల్ఓ)గా ఎంపికైన పిల్లలు నాకు ఫోన్ చేస్తే ముందు అడిగేది ప్రమోషన్ల గురించే. అది చెప్పడం తేలిక. ఏఎల్ఓ తర్వాత అసిస్టెంట్ కమిషనర్, ఆపైన డిప్యూటీ కమిషనర్, జాయింట్ కమిషనర్. గ్రూప్-1 రాసి నేరుగా అసిస్టెంట్ కమిషనర్‌గా వచ్చేవాళ్లూ ఉంటారు. కమిషనర్ కుర్చీలో సాధారణంగా ఐఏఎస్ అధికారి ఉంటారు. నేను ఏఎల్ఓగా చేరి జాయింట్ కమిషనర్‌గా రిటైరయ్యాను. పైకి వెళ్లాక ఏ ఫైలు విప్పినా ముందు ఒక్క సంగతే వెతికేదాన్ని: ఈ కూలీ చేతికి ఎంత ముట్టిందో కింది ఆఫీసరు మనిషిని అడిగి రాశాడా, రిజిస్టర్ చూసి రాశాడా? ఆ కన్ను మొదటి సర్కిల్‌లోనే, అంటే మొదట మీకు అప్పగించిన ప్రాంతంలోనే రావాలి. తర్వాత మీటింగులు, రిపోర్టుల మధ్య దానికి తీరిక దొరకదు.

జీతాల రిజిస్టర్‌తో మొదలుపెట్టండి. చేరిన రెండో నెలలో ఒక జిన్నింగ్ మిల్లుకు తనిఖీకి వెళ్లాను. రిజిస్టర్ అద్దంలా ఉంది. సరిగ్గానే ఉందని రాసి వచ్చేశాను. వారం తిరక్కుండా అక్కడ పనిచేసే ఒకామె ఆఫీసుకొచ్చి, "మేమెప్పుడు వేలిముద్ర వేశామమ్మా?" అని అడిగింది. మళ్లీ వెళ్లి పేజీలు కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. జనవరి నుంచి డిసెంబరు దాకా ఒకే సిరా, ఒకే చేతిరాత. పదకొండు మంది పేర్ల పక్కన వేలిముద్రలు, ప్రతి ముద్రకూ ఎడమ అంచున అదే చిన్న గాటు. పదకొండు మందికీ ఒకే బొటనవేలు! ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే మొదటి తనిఖీ నోట్ కింద ఉన్న సంతకం నాదే.

రోజూ వాడే మస్టర్, అంటే హాజరు పట్టీ, నలిగి ఉంటుంది. కొట్టివేతలుంటాయి, నాగాలు పడ్డ రోజులుంటాయి, పండగ ముందు తీసుకున్న అడ్వాన్సులుంటాయి. ఇవేవీ కనబడకపోతే ఆగి చూడండి. ఇప్పుడు జీతాలు బ్యాంకులో పడుతున్నాయి కదా అంటారు. అలాంటప్పుడు ఏటీఎం కార్డు ఎవరి దగ్గరుందో అడగండి. కార్డులన్నీ మేస్త్రీ జేబులో ఉన్న చోట్లు నేను చూశాను.

కూలీలను యజమాని గదిలోకి పిలిపించి మాట్లాడొద్దు. షిఫ్ట్ దిగే వేళకు గేటు బయట ఉండండి. "జీతమెంత?" అంటే వాళ్లకు నేర్పిన అంకె చెప్తారు. "పోయిన శనివారం చేతికెంత ఇచ్చారు, ఎవరిచ్చారు, ఎంత పట్టుకున్నారు?" అని అడిగితే నిజం బయటికొస్తుంది. ఇటుక బట్టీల్లో ఒడిశా కుటుంబాలతో మాట్లాడేటప్పుడు వాళ్లను తెచ్చిన మేస్త్రీని దుబాసీగా పెట్టుకోవద్దు. ఒడియా తెలిసిన వేరే మనిషిని వెంట తీసుకెళ్లండి.

తర్వాత లెక్క. మూల వేతనానికి వీడీఏ, అంటే ధరలను బట్టి మారే కరువు భత్యం, కలిపి చూడండి. అది ఏటా ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది. పాత అంకె మీదే జీతాలు ఇస్తుండటం మీకు ఎక్కువగా తగిలే తప్పు. చట్టాలూ మారాయి. 2025 నవంబర్ 21 నుంచి 29 పాత చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు వచ్చాయి. కనీస వేతనం తగ్గించి ఇస్తే క్లెయిమ్ వేయడానికి ఇదివరకు ఆరు నెలలే గడువు, ఇప్పుడు మూడేళ్లు. ఈ మాట మీ ఆఫీసు గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి.

పనిలో చనిపోయినవాళ్ల కేసులు ఎంత పని ఉన్నా వాయిదా వేయకండి. 2021లో డిప్యూటీ కమిషనర్‌గా ఒక హమాలీ కేసు చూశాను. వయసు 40, లెక్కలోకి తీసుకునే నెల జీతం 15,000. అందులో సగాన్ని ఆ వయసుకు చట్టం ఇచ్చిన ఫ్యాక్టర్ 184.17తో గుణిస్తే పరిహారం 13,81,275 రూపాయలు. నెలలోపు కట్టకపోతే అప్పటి చట్టం ప్రకారం 12 శాతం వడ్డీ పడేది. లెక్క అయిదు నిమిషాల్లో తేలింది. నాకు టెన్షన్ పెట్టింది ఆ హమాలీ భార్యతో వచ్చి వరండాలో నిలబడ్డ ఆమె మరిది. ఆమె మాట్లాడబోతే తనే జవాబు చెప్తున్నాడు. అతన్ని బయట కూర్చోబెట్టి ఆమెనొక్కదాన్నే అడిగితే, ఇద్దరు ఆడపిల్లల చదువు గురించి చెప్పింది. పిల్లల వాటా వాళ్ల పేరిటే డిపాజిట్ చేయించాను. డబ్బు పరిహారం కేసులు చూసే కమిషనర్ దగ్గరే జమ కావాలని అప్పటి చట్టం పెట్టింది ఇందుకేనని నాకు ఆ రోజు అర్థమైంది.

యూనియన్ గొడవల్లో తొందరపడి తీర్పు చెప్పకండి. కేంద్ర కార్మిక మంత్రిగా చేసిన వి.వి. గిరిగారు, పైనుంచి రుద్దే తీర్పుల కన్నా ఇద్దరూ మాట్లాడుకుని చేసుకునే ఒప్పందమే మేలని నమ్మారు. నా అనుభవమూ అదే. రెండు పక్షాలతో విడివిడిగా మాట్లాడి, ఆ తర్వాతే ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టండి. ఒప్పందం తెలుగులో రాయించి, సంతకాలకు ముందు పైకి చదివించండి. "ఆ మాట మేమనలేదే" అని ఒకరైనా అంటారు. అక్కడికక్కడే దిద్దించండి.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఎవరికి ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఎంత మిగిలింది అన్నీ పేర్లతో సహా రాసుకోండి. బదిలీ అయిన రోజు ఛార్జ్ అప్పగించేటప్పుడు, మిగిలిన పేర్లు కొత్త ఆఫీసరుకు మీరే చదివి వినిపించండి.