అల్లిక నేర్చుకుందాం – 7వ పాఠం: కానుకగా ఇవ్వడానికి ఒక టోపీ

ఇప్పటిదాకా నేర్చుకున్న పనులు నాలుగు: కుట్లు ఎక్కించడం, నిట్ (సీదా కుట్టు), పర్ల్ (ఉల్టా కుట్టు), రెండు కుట్లు కలిపి అల్లడం. ఈ పాఠానికి అవి చాలు. కొత్త కుట్టు ఏదీ లేదు. కొత్తది లెక్క ఒక్కటే. మఫ్లర్ నాలుగు వేళ్ల వెడల్పు ఎక్కువైనా తక్కువైనా మెడకి చుట్టుకోవచ్చు. టోపీకి ఆ వెసులుబాటు లేదు. అది ఒక తలకి సరిపోవాలి. కానుక అయితే మరీ కష్టం, మధ్యమధ్యలో ఆ మనిషికి పెట్టి చూసే వీలుండదు.

ప్రస్తుతం నా సూదుల మీద మూడు పనులున్నాయి. అన్నయ్యకి ముదురు నీలం టోపీ, మేనకోడలికి పసుపు రంగు కౌల్ (రెండు కొసలూ కలిసిపోయిన మఫ్లర్ అన్నమాట), ఒక జత సాక్స్‌లో రెండోది. మూడింటిలో టోపీనే పాఠంగా ఎంచుకున్నాను. ఇందులో స్వెటర్‌కి కావలసిన లెక్కంతా ఉంది, ఊలు మాత్రం ఎనిమిదో వంతో పదో వంతో పడుతుంది. లెక్క తేడా వచ్చి విప్పేయాల్సి వచ్చినా పోయేది ఒకటి రెండు సాయంత్రాలు.

ముందు ఎవరికి అల్లుతున్నారో తేల్చుకోండి. ఊలు కొన్నాక కాదు, కొనకముందే. రంగు గురించి అందరూ ఆలోచిస్తారు. ఆ ఇంట్లో బట్టలు ఎలా ఉతుకుతారన్నది చాలామందికి తట్టదు. మామూలు గొర్రె ఊలుని వేడినీళ్లలో వేసి మెషిన్‌లో తిప్పితే పోగులు ఒకదానికొకటి పెనవేసుకుని, గట్టిపడి, చిన్నదైపోతుంది. మళ్లీ సాగదు. చేత్తో ఉతికే ఓపిక ఉన్నవాళ్లకే అలాంటి ఊలు వాడండి. మిగతావాళ్లకి లేబుల్ మీద సూపర్‌వాష్ (మెషిన్‌లో ఉతికినా అలా గట్టిపడనిది) అని ఉన్న ఊలు తీసుకోండి, లేదా ఆక్రిలిక్ కలిసినది. పసిపిల్లలకైతే మోహెయిర్ లాంటి నూగు ఎక్కువ ఉండే ఊలు వద్దు, నూగు నోట్లోకి పోతుంది. గుండీలూ పూసలూ కూడా వద్దు.

ఈ పాఠానికి డీకే మందం (మరీ సన్నం, మరీ లావు కాని) ఊలు 100 గ్రాముల ఉండ ఒకటి చాలు. సాధారణంగా అందులో 200 మీటర్లకు పైగా ఉంటుంది. పెద్దవాళ్ల టోపీ ఒకటి అయ్యాక కొంత మిగులుతుంది కూడా. కుట్లు స్పష్టంగా కనిపించే లేత రంగు, నున్నటి పోగు ఎంచుకోండి. నేను ముదురు నీలం అల్లుతున్నానని చూసి మొదటిసారే ఆ రంగు జోలికి పోవద్దు, సాయంత్రం లైటు వెలుతుర్లో కుట్లు లెక్కపెట్టడం కళ్లకి శ్రమ. సూదుల విషయానికొస్తే 4 మి.మీ. సర్క్యులర్ సూది (రెండు మొనలని ఒక కేబుల్ కలిపే సూది), 40 సెం.మీ. పొడవుది. అంచు రిబ్ (నిట్, పర్ల్ మార్చి మార్చి అల్లే, బాగా సాగే అంచు) కోసం అదే పొడవులో 3.5 మి.మీ. సూది. చివర్లో కుట్లు తగ్గిపోయి 40 సెం.మీ. సూది మీద సాగనప్పుడు నాలుగైదు డబుల్ పాయింటెడ్ (రెండు కొసలా మొనలుండే) సూదులు గానీ, మ్యాజిక్ లూప్ (పొడుగు కేబుల్‌ని మధ్యలో బయటికి లాగి కొద్ది కుట్లని గుండ్రంగా అల్లే పద్ధతి) కోసం 80 సెం.మీ. పొడవు సూది గానీ కావాలి. అవి 4 మి.మీ.వే అయి ఉండాలి.

ఇక తల కొలత. టేపుని కనుబొమలకు కాస్త పైగా, చెవుల మీదుగా, వెనక తల బాగా ఉబ్బుగా ఉన్న చోటు మీదుగా చుట్టాలి. పెద్దవాళ్లకి సాధారణంగా 54 నుంచి 60 సెం.మీ. మధ్య వస్తుంది. ఏడాది పిల్లలకి 46 దగ్గర్లో ఉంటుంది. కానుక విషయం ముందే తెలియకూడదనుకుంటే వాళ్ల హెల్మెట్ లోపలి లేబుల్ చూడండి, దాని మీద సైజు సెంటీమీటర్లలోనే రాసి ఉంటుంది. లేదా వాళ్లు రోజూ పెట్టుకునే టోపీ ఒకటి పట్టుకుని కొలవండి. అది సాగే టోపీ అయితే వచ్చిన కొలతకి 5 సెం.మీ. కలిపితే తల కొలత రమారమి వస్తుంది.

ఆ 5 సెం.మీ. ఎందుకంటే, అల్లిన బట్ట సాగుతుంది. తలకి సరిగ్గా సమానంగా అల్లితే టోపీ జారిపోతుంది. అందుకే టోపీ చుట్టుకొలత తల కన్నా 5 సెం.మీ. తక్కువ ఉండాలి. మా అన్నయ్య తల 56. కాబట్టి టోపీ 51.

ఇప్పుడు గేజ్. ఈ పాఠం మొత్తానికి ప్రాణం ఇదే, కాబట్టి ఇక్కడ తొందరపడకండి. పది సెంటీమీటర్ల వెడల్పులో మీ చేతికి ఎన్ని కుట్లు పడుతున్నాయన్నదే గేజ్. డీకే ఊలు లేబుల్ మీద తరచుగా 22 కుట్లు, 30 వరుసలు అని ఉంటుంది. అది కంపెనీ వాళ్ల చేతి లెక్క. మీరు పోగు బిగించి పట్టుకునే రకం కావచ్చు, వదులుగా వదిలే రకం కావచ్చు. ఏ చెయ్యీ తప్పు కాదు, మీ అంకె మీకు తెలిస్తే చాలు.

నమూనా ముక్కకి 34 కుట్లు ఎక్కించండి. టోపీ గుండ్రంగా అల్లుతాం కాబట్టి రిబ్ దాటాక ప్రతి చుట్టూ నిట్టే వస్తుంది, పర్ల్ రాదు. చాలామంది చేతికి పర్ల్ వరుస నిట్ కన్నా కాస్త వదులుగా పడుతుంది. అందుకని అటూ ఇటూ తిప్పి అల్లిన ముక్క గేజ్ ఒకటి వస్తుంది, టోపీ గేజ్ ఇంకొకటి వస్తుంది. దీనికి సులువైన మార్గం ఉంది. సర్క్యులర్ సూది మీద ఒక వరుస నిట్ అల్లి, ముక్కని తిప్పకుండా, కుట్లన్నిటినీ కేబుల్ మీదుగా రెండో కొసకి జరపండి. పోగుని ముక్క వెనక నుంచి బాగా వదులుగా తెచ్చుకుని, మళ్లీ మొదటి కుట్టు నుంచి నిట్ అల్లండి. వెనకవైపు పొడుగాటి పోగులు వేలాడుతూ చూడ్డానికి బాగోదు గానీ, ముందువైపు అచ్చం టోపీ బట్టే వస్తుంది. అలా 12 సెం.మీ. ఎత్తు వచ్చాక కుట్లు ముగించండి.

వెంటనే కొలవకండి. ఆ టోపీని ఎలా ఉతుకుతారో అలాగే ముక్కని ఉతికి, పరిచి ఆరబెట్టండి. తడిసి ఆరాక ఊలు పొంగుతుంది, కొన్ని రకాల సూపర్‌వాష్ ఊలు బాగానే సాగుతుంది. ఆరిన ముక్క మీద స్కేలు పెట్టి, అంచులు వదిలేసి, మధ్యలో 10 సెం.మీ.లో కుట్లు లెక్కపెట్టండి. నిట్ కుట్టు ఒక్కొక్కటీ వి ఆకారంలో కనిపిస్తుంది. చివర్లో అర కుట్టు వస్తే అర కుట్టనే రాసుకోండి, వదిలేయకండి. ఆ అర కుట్టు టోపీలో ఒక సెంటీమీటరు తేడా తెస్తుంది. వంద సెంటీమీటర్ల ఛాతీ ఉన్న స్వెటర్లో రెండు సెంటీమీటర్లు దాటుతుంది.

లెక్క చూద్దాం. 10 సెం.మీ.కి 22 కుట్లంటే సెంటీమీటరుకి 2.2. టోపీ 51 సెం.మీ. 51 × 2.2 = 112.2. అంటే 112 కుట్లు. అంచుకి రెండు నిట్, రెండు పర్ల్ రిబ్ అల్లుతాం, దానికి 4తో భాగించబడే సంఖ్య కావాలి. పైన కుట్లు తగ్గించేటప్పుడు 8 భాగాలు చేస్తాం, దానికి 8తో భాగించబడాలి. 112 రెండింటికీ కుదిరింది. మీకు వచ్చిన సంఖ్య కుదరకపోతే దగ్గర్లో ఉన్న 8 గుణిజానికి మార్చుకోండి. పైకి మార్చాలా కిందికి మార్చాలా అని అనుమానమొస్తే మెత్తగా బాగా సాగే ఊలుకి కిందికి, సాగని కాటన్‌కి పైకి.

ముక్క అల్లకుండా లేబుల్ని నమ్మి 112 ఎక్కించారనుకోండి. మీ చేతి గేజ్ నిజానికి 20. అప్పుడు టోపీ 112 ÷ 2 = 56 సెం.మీ. వస్తుంది. తల కూడా 56. గాలి వీస్తే ఎగిరిపోతుంది. మీ గేజ్ 24 అయితే టోపీ 47 సెం.మీ. లోపే వస్తుంది, నుదుటి మీద గీత పడుతుంది. రెండే రెండు కుట్ల తేడాకి ఇంత! అందుకే ముక్క అల్లడాన్ని టైమ్ వేస్ట్ అనే మాట నేను ఒప్పుకోను.

ఇక టోపీ. 3.5 మి.మీ. సూది మీద 112 కుట్లు ఎక్కించండి. మనకి అలవాటైన పొడుగు తోక పద్ధతికి టోపీ చుట్టుకొలతకి మూడింతలు, పైన ఒక జానెడు పోగు వదలాలి. ఇక్కడ 170 సెం.మీ. దాకా అవుతుంది. కుట్టుకీ కుట్టుకీ మధ్య కాస్త ఎడం ఉంచండి, బిగించి ఎక్కిస్తే రిబ్ ఎంత సాగినా అంచు సాగదు.

చుట్టు కలిపే ముందు సూదిని బల్ల మీద పెట్టి, ఎక్కించిన అంచు మొత్తం లోపలి వైపుకే తిరిగి ఉందో లేదో వేలితో తడుముతూ చూడండి. ఎక్కడో ఒక మెలిక ఉండిపోయి అలాగే కలిపేస్తే నాలుగైదు చుట్ల తర్వాత గానీ తెలియదు. అప్పుడు విప్పడం తప్ప దారి లేదు. మెలిక లేదని తేలాక మార్కర్ (చుట్టు ఎక్కడ మొదలైందో చూపే గుర్తు) పెట్టి కలపండి. వేరే రంగు ఊలు ముక్కని ముడేసినా మార్కరే.

రెండు నిట్, రెండు పర్ల్ చొప్పున 5 సెం.మీ. రిబ్. తర్వాత 4 మి.మీ. సూదికి మారి, అంచు నుంచి మొత్తం 15 సెం.మీ. వచ్చేదాకా ప్రతి చుట్టూ నిట్. ఈ భాగం గురించి చెప్పడానికేమీ లేదు, హాయిగా అల్లుకుంటూ పోవడమే. అంచుని మడత పెట్టుకునేవాళ్లకైతే ఇంకో 5 సెం.మీ. రిబ్ పెంచండి.

తగ్గించడం మొదలు. 12 నిట్, రెండు కలిపి ఒకటి. ఇలా చుట్టంతా ఎనిమిది సార్లు. 104 మిగులుతాయి. తర్వాతి చుట్టు మామూలు నిట్. ఆ తర్వాత 11 నిట్, రెండు కలిపి ఒకటి, 96. మళ్లీ మామూలు చుట్టు. ఇలా చుట్టు విడిచి చుట్టు తగ్గిస్తూ 56 కుట్లకి రండి. అక్కడి నుంచి మామూలు చుట్టు మానేసి ప్రతి చుట్టులోనూ తగ్గించండి: 48, 40, 32, 24, 16, చివరికి 8. ప్రతి తగ్గింపు చుట్టు అయ్యాక ఒకసారి కుట్లు లెక్కపెట్టండి. 8తో భాగించబడకపోతే ఎక్కడో ఒకటి తప్పిందన్నమాట, ఆ చుట్టులోనే పట్టుకోవచ్చు. రెండు కలిపి అల్లిన కుట్టు కుడివైపుకి వాలుతుంది. ఎనిమిది చోట్లా ఒకదాని మీద ఒకటి అలా వాలుతూ పోయి, పైన సుడి తిరిగినట్టు ఎనిమిది గీతలు నడినెత్తిన కలుస్తాయి. నాకు టోపీలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. తగ్గించడం మొదలయ్యాక సూది కింద పెట్టాలనిపించదు.

పోగుని 20 సెం.మీ. వదిలి కత్తిరించి, మొద్దు మొన సూదికి ఎక్కించి, మిగిలిన 8 కుట్లలోంచి రెండుసార్లు తీసి గట్టిగా లాగండి. కొసని లోపలికి దించి కుట్ల వెనక దాచేయండి. అంచు దగ్గరి తోకని రిబ్ నిట్ కుట్ల వెంబడి దాస్తే సాగినప్పుడు బయటపడదు.

తర్వాత గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా మెత్తటి సబ్బు వేసి పావుగంట నాననివ్వండి. పిండకండి. టవల్లో చుట్టి నొక్కి నీరు తీసి, తల సైజుకి ఊదిన బెలూన్ మీదో బోర్లించిన గిన్నె మీదో ఆరబెట్టండి. రిబ్‌ని మాత్రం సాగదీయకుండా వదిలేయండి.

టోపీ ఎంతసేపట్లో అవుతుందన్నది కూడా ముందే లెక్కకట్టుకోవచ్చు. సెంటీమీటరుకి 3 చుట్లు చొప్పున 15 సెం.మీ.కి 45 చుట్లు, ఒక్కో చుట్టుకి 112 కుట్లు: 5,040. పైన తగ్గించే భాగం 1,232. మొత్తం సుమారు 6,300 కుట్లు. ఫోన్లో ఐదు నిమిషాలు టైమర్ పెట్టుకుని అల్లి, మీ వేగం చూసుకోండి. నిమిషానికి 15 కుట్లు పడితే టోపీకి ఏడు గంటలు. రోజుకి గంట కూర్చోగలిగితే వారం. దానికి నమూనా ముక్కకీ ఆరడానికీ మూడు రోజులు కలపండి. పుట్టినరోజుకి ఇవ్వాలంటే ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి మొదలుపెట్టే రోజు క్యాలెండర్లో రాసుకోండి. ఒకే తేదీకి ఐదుగురికి ఐదు టోపీలు అనుకుంటే 35 గంటలు. ఆ అంకె చూశాకే ఎవరికి టోపీ, ఎవరికి ఇంకేదైనా చిన్నది అని నిర్ణయించుకోవడం మంచిది. లేకపోతే ఆఖరి వారం టెన్షన్‌తో అల్లుతారు. టెన్షన్‌లో చెయ్యి బిగుస్తుంది, గేజ్ మారిపోతుంది.

ఇచ్చేటప్పుడు ఒక చీటీ మీద ఏ ఊలో, ఎలా ఉతకాలో రాసి పెట్టండి. దానికే అదే ఊలు రెండు మూడు మీటర్లు చుట్టి ఇస్తే, ఎప్పుడైనా చిరిగితే రిపేరుకి పనికొస్తుంది.

వచ్చే పాఠంలో సాక్స్ మడమ తిప్పడం. ఆలోగా ఈ మూడు అంకెలు నోట్‌బుక్‌లో రాసి ఉంచండి: ఉతికాక మీ గేజ్, మీరు అల్లబోయే తల కొలత, నిమిషానికి మీ కుట్లు. నమూనా ముక్కని విప్పకండి, మడమ లెక్కకి దానిమీద వరుసలు కూడా కొలవాల్సి ఉంటుంది.